నోరు లేని పిన్ను

ఎంట్రీ 2317. జూన్ 3
వచ్చిన బళ్లు: ఏడు. చేసిన పని: ఏమీ లేదు. వాడిన సామాను: లేదు.

రోడ్డు బోర్డు వారు ఇచ్చిన ఈ చిట్టా పుస్తకాల్లో ఇంతవరకు 2316 ఎంట్రీలు రాశాను. మూడేళ్లుగా రాసినవాటిలో ఎన్నో శుద్ధ అబద్ధాలు. "అరిగిన కంపెనీ పిన్ను సరిచేసి తిరిగి బిగించడమైనది" అని నా చేత్తో నేనే రాశాను. అందుకు సిగ్గుపడను. అబద్ధం రాస్తే తప్ప నిజమైన పని చేసుకోనివ్వని చట్టం తెచ్చినవాళ్లు పడాలి సిగ్గు. నెలాఖరున బోర్డు మనిషి వచ్చి పుస్తకం పట్టుకుపోతాడు. అందాకా ఇది నా దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ నెలంతా నిజమే రాస్తాను. తీరిగ్గా చదువుకోండి.

నా పేరు నూర్‌బాషా కాశింబీ. యాభై ఏడేళ్లు. గట్టుపాలెం ఆటోనగర్‌లో పన్నెండో నంబరు షెడ్డు నాది. ఒక లేత్ మిషను, ఒక కొలిమి, రెండు చేతులు, ఒక నోరు. నోరు కాస్త పెద్దదే.

నిన్న పొద్దున ఎనిమిదింటికి ఝాన్సీ నడిపే స్కూలు బండి కరకట్ట మీంచి ఉప్పుకాలవలోకి దిగిపోయింది. పిల్లలు పదకొండు మందీ బతికారు. వాళ్లను బడికి తీసుకెళ్లే సలోమీ టీచర్ చనిపోయింది. ఝాన్సీ చేతికి కట్టు కట్టించి, ఆసుపత్రి నుంచే జైలుకి తీసుకెళ్లారు.

స్టీరింగ్ పిన్ను విరిగి చక్రం పక్కకి ఒరిగిందని ఝాన్సీ అంటోంది. నిర్లక్ష్యంగా నడిపి కట్టని గుద్దింది, గుద్దాకే పిన్ను విరిగిందని బోర్డు అంటోంది. ఆ పిన్ను కంపెనీ వాళ్లది. నేను చేసింది కాదు. ఈ ముక్క రాసి కలం పక్కన పెట్టేస్తున్నాను, ఎందుకో రేపు రాస్తాను.

ఎంట్రీ 2318. జూన్ 4
వచ్చిన బళ్లు: నాలుగు. చేసిన పని: ఒక పిన్ను. వాడిన సామాను: పాత రైలు ఇరుసు ముక్క, కుసుమ నూనె.

స్టీరింగ్ పిన్నంటే ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే జానెడు ఇనప కడ్డీ. ఝాన్సీ బండిలాంటి గరుడ బళ్లకి కంపెనీ ఇచ్చే పిన్ను లోపల బోలు. కంపెనీ ఆఫీసు ఉన్న ఊళ్లో అది చాలేమో. మా కట్టకి అటు సముద్రం, ఇటు ఉప్పుకాలవ. ఇక్కడి గాలికి ఆ బోలు పిన్ను ఏడాది తిరిగేసరికి లోపలినుంచి నెర్రెలిస్తుంది. నేను రైలు ఇరుసు ఉక్కుని చెక్కి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి తీస్తాను. లోపలంతా గట్టి. పదేళ్లయినా ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు.

అయినా నా పిన్నుకి రోడ్డెక్కే హక్కు లేదు. కంపెనీ చేసిన ప్రతి భాగంలోనూ మినపగింజంత నోరు ఒకటి ఉంటుంది. బండి కరకట్ట ఎక్కగానే రోడ్డు ఒక్కో భాగాన్నీ పిలుస్తుంది. ప్రతి భాగమూ తన కంపెనీ పేరూ నంబరూ చెప్పాలి. ఒక్కటి పలక్కపోయినా అది మూగ భాగం. ఇక రోడ్డు ఆ బండికి కరెంటు ఇవ్వదు. కంపెనీవి కాని భాగాలు వేసుకున్న బళ్లు పబ్లిక్ రోడ్డు మీద తిరగరాదు, సొంత దొడ్లో తిప్పుకోవచ్చు అని చట్టం. దొడ్లో బండి తిప్పుకుని నేను ఎక్కడికెళ్లాలి, పెరట్లోంచి వంటింటికా?

అందుకే మా ఆటోనగర్‌లో ఇరవై మూడు షెడ్లవాళ్లం ఒక పని చేస్తాం. పగిలిన కంపెనీ పిన్ను మా దగ్గరికి రాగానే దాని నోరు ఒలిచి, మేం చేసిన గట్టి పిన్ను తలలో గుంట తీసి అతికిస్తాం. రోడ్డు పిలుస్తుంది, మా పిన్ను కంపెనీ పేరు చెబుతుంది, బండి సాగిపోతుంది. మూడేళ్లుగా ఇదే మా తెలివి.

ఏప్రిల్లో ఝాన్సీ నా దగ్గరికి వచ్చింది. "అత్తా, ఏడాది తిరిగిన బండి కొన్నాను, పిన్నులు బాగుంటాయా?" అని అడిగింది. నోళ్ల సంగతి మా పిన్ను వేయించుకోని బయటి మనిషికి చెప్పకూడదన్నది మా కట్టుబాటు. పైగా ఈ పిల్ల ప్రతిదీ రూలు ప్రకారం చేసే రకం. "కంపెనీవే కదా, కంపెనీనే అడుగు" అని వెటకారంగా అన్నాను. ఆ పిల్ల నిజంగానే కంపెనీని అడిగింది. నిశ్చింతగా తిప్పుకోమన్నారట.

అందుకే నిన్న కలం పక్కన పెట్టేశాను.

ఎంట్రీ 2321. జూన్ 9
వచ్చిన బళ్లు: తెలియదు, షెడ్డులో లేను.

ఝాన్సీ తరఫు లాయరు విశాలతో కలిసి జైలుకి వెళ్లాను. ఝాన్సీ కుడిచేతికి కట్టుంది. నన్ను చూడగానే ముందు అడిగింది పిల్లల గురించి.

"అందరూ బాగానే ఉన్నారే. నువ్వు తింటున్నావా లేదా?"

"నేను గుద్దలేదత్తా. మలుపు దగ్గర చక్రం దానంతటదే పక్కకి పడుకుంది. బ్రేకు తొక్కాను. టీచరు పిల్లల్ని వెనక్కి తోస్తూనే ఉంది."  కట్టు అంచు సర్దుకుంటూ, "నా మాట ఎవరూ నమ్మట్లేదు" అంది.

"నేను నమ్ముతున్నాను" అన్నాను.

విశాల ఫైలు తెరిచింది. ఆమెకి ముప్పై ఏళ్లుంటాయేమో, మాటలు తూచి మాట్లాడుతుంది. "కాశింబీ గారూ, మీరు నమ్మితే చాలదండీ. బోర్డు వాళ్లు కోర్టులో లెక్క వేశారు. ఈ కట్ట మీద తొమ్మిది వందల పద్నాలుగు గరుడ బళ్లు తిరుగుతున్నాయి. అన్నిట్లోనూ కంపెనీ పిన్నులే. మూడేళ్లలో ఒక్కటంటే ఒక్కటి విరగలేదు. విరిగింది ఈ అమ్మాయిదే. అంటే పిన్నులో లోపం లేదు, నడపడంలోనే ఉందని వాళ్ల వాదన."

"ఎలా తెలుసంట విరగలేదని?"

"రోడ్డు చెబుతోంది కదండీ. ప్రతి పిన్నూ రోజూ రోడ్డుకి జవాబు చెబుతూనే ఉంది. విరిగిన పిన్ను జవాబెలా చెబుతుంది?"

 కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఝాన్సీ "ఏంటత్తా?" అంటే "ఎండ" అన్నాను.

విరిగిన పిన్ను జవాబు చెబుతుంది. మేం చెప్పిస్తున్నాం. చచ్చిన కంపెనీ పిన్ను నోరు తీసి మా పిన్నుకి పెట్టిన ప్రతిసారీ, బోర్డు లెక్కలో ఆ చచ్చినది బతికే ఉంది. మా ఉక్కు మోసిన మోత అంతా కంపెనీ ఖాతాలో మంచిపేరై కూర్చుంది. మేం చట్టాన్ని బురిడీ కొట్టించామని మూడేళ్లు మీసాలు మెలేశాం, మీసాల్లేని నేను కూడా. కంపెనీ తప్పుని కడిగి తుడిచి దాచిపెట్టింది మేమే. ఆ పేరు చూసి నమ్మిన ఝాన్సీ ఇప్పుడు కటకటాల వెనక ఉంది.

విచారణ ఇరవై నాలుగున. నేరం రుజువైతే ఏడేళ్లు.

ఎంట్రీ 2322. జూన్ 10
వచ్చిన బళ్లు: మూడు. చేసిన పని: గొడవ.

షెడ్లవాళ్లందరినీ ఏసుపాదం అన్న షెడ్డులో పోగేశాను. బొక్కా ఏసుపాదం మా సంఘానికి పెద్ద. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నాకంటే మెల్లగా మాట్లాడతాడు. విషయం చెప్పాను. 

"అయితే ఏమంటావ్ చెల్లెమ్మా? కోర్టుకెళ్లి ఒప్పుకుందామంటావా?" అన్నాడు ఏసుపాదం.

"అదే అంటున్నాను."

"షెడ్లు సీలేస్తారు."

"వేస్తారు."

"వేస్తే ఏం తింటావ్?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మట్టి తింటాను. నువ్వు అన్నం తింటూ ఆ పిల్ల మొహం గుర్తుచేసుకో, అరుగుతుందేమో చూద్దాం."

గొడవ పెద్దదైంది. ఏసుపాదం చెయ్యెత్తి ఆపాడు. "ఒప్పుకున్నా నమ్మరమ్మా. మన చిట్టాలన్నిట్లో కంపెనీ పిన్ననే రాశాం. సంతకాలు కూడా మనవే. ఇప్పుడు కాదంటే, ఆ పిల్లని కాపాడ్డానికి అబద్ధమాడుతున్నారంటారు. మన మాటకి విలువ లేకుండా మనమే చేసుకున్నాం."

అది నిజం. నా దగ్గర ఒక్క కాగితం లేదు. రెండు గంటలు వాదించుకున్నాక నాకే తట్టింది. మా మాట నమ్మరు, రోడ్డు మాట నమ్ముతారు. అలాంటప్పుడు రోడ్డుతోనే చెప్పిద్దాం. మేం పెట్టిన నోళ్లన్నీ మేమే పీకేసి, అన్ని బళ్లనీ ఒకే రోజు కరకట్ట ఎక్కిస్తే సరి. ఎన్ని ఆగిపోతాయో బోర్డే లెక్కపెట్టుకుంటుంది.

"చట్టం తప్పి పబ్లిక్ రోడ్డెక్కుదామంటావ్. అదీ పట్టపగలు" అన్నాడు ఏసుపాదం.

"మూడేళ్లుగా రోజూ ఎక్కుతూనే ఉన్నాం కదన్నా. ఈసారి మన పేరుతో ఎక్కుదాం."

ఎంట్రీ 2327. జూన్ 16
వచ్చిన బళ్లు: నలభై ఒకటి. చేసిన పని: నోళ్లు పీకడం. వాడిన సామాను: పట్టకారు, సూది, తిట్లు.

అతికించడం కంటే పీకడం కష్టం. నా పనితనాన్ని నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. పీకిన నోళ్లన్నీ ఊరగాయ జాడీలో వేస్తున్నాను.

బళ్లవాళ్లని ఒప్పించడం ఇంకా కష్టంగా ఉంది. బండి ఆగితే ఆ రోజు కూలి పోతుంది, కేసు పడుతుంది. చేపల బండి సూరిబాబు మొహమ్మీదే అడిగేశాడు: "మీ గొడవలోకి నన్నెందుకు లాగుతావ్ కాశింబీ?"

"నీ పాత పిన్ను ఏమైందో గుర్తుందా?"

"సంత దగ్గర విరిగింది."

"విరిగి, నువ్వు కాలవలో పడకుండా సంత గోడకి ఆనుకున్నావ్. ఆ పిన్ను ఇంకా బతికే ఉందని బోర్డు వాళ్లు ఝాన్సీ మీద సాక్ష్యం చెబుతున్నారు. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరి గొడవ?"

కాసేపు బండి చుట్టూ తిరిగాడు. "పీకెయ్" అన్నాడు.

అందరూ సూరిబాబులా లేరు. ఇరవై మూడు షెడ్లవాళ్లం కూర్చుని గుర్తుచేసుకుంటే ఆరు వందల తొంభై దాకా మా పిన్నులే తిరుగుతున్నాయని తేలింది. అంటే కంపెనీ పిన్నులు ఆరు వందల తొంభై పగిలాయన్నమాట. వస్తామన్న బళ్లు మాత్రం నాలుగు వందల చిల్లరే.

మా ఆటోనగర్‌లో తొలి సవారీ అని ఒక పద్ధతుంది. పిన్ను చేసినవాళ్లు ఆ బండిలోనే ముందు సీట్లో కూర్చుని మొదటి మలుపు దాటేదాకా వెళ్లాలి. పిన్ను మీద నమ్మకం లేనివాడు చెయ్యనే కూడదని దాని అర్థం. ఝాన్సీ పక్కన కంపెనీవాడు ఏనాడైనా కూర్చున్నాడా? నోళ్లు పీకిన బళ్లకి కూడా తొలి సవారీ చెయ్యాల్సిందేనని తీర్మానించాం. ఎవరి పిన్ను పక్కన వాళ్లు. పారిపోవడానికి లేదు.

ఎంట్రీ 2331. జూన్ 20
ఎక్కిన బళ్లు: నాలుగు వందల పన్నెండు. ఆగిన బళ్లు: నాలుగు వందల పన్నెండు.

పొద్దున తొమ్మిదింటికి ఎక్కాం. నేను సూరిబాబు చేపల బండిలో ముందు సీట్లో. రోడ్డు పిలిచింది. టైర్లు చెప్పాయి, బ్రేకులు చెప్పాయి, అద్దాలు కూడా చెప్పాయి. పిన్ను చెప్పలేదు. రోడ్డు మూడుసార్లు అడిగి కరెంటు తీసేసింది. బండి మెల్లగా పక్కకి జరిగి ఆగింది. వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. ఏసుపాదం అన్న మంచినీళ్ల బండి దిగి నిలబడ్డాడు. పదకొండు కిలోమీటర్ల మేర కట్టంతా ఆగిన బళ్లే. నా ఒళ్లు పొంగిపోయింది. దాచుకోవడమెందుకు, అంత సంతోషం నాకు ఈమధ్య ఎప్పుడూ లేదు.

గంట తర్వాత బోర్డు ఇన్‌స్పెక్టరు ఇరవై మంది గుమాస్తాలతో వచ్చాడు. పేరు కామేశం. చెమటలు కక్కుతున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు చేశారిదంతా?"

"ఈ బండి పిన్ను నేను చేశాను. ఆ వెనకాల బండిది కూడా నేనే. మిగతావాళ్లు ఎవరి బండి పక్కన వాళ్లే నిలబడ్డారు, అడగండి."

"ఇంతమందిని నేనేం చెయ్యను?"

"చట్టం ఏం చెప్తే అది చెయ్యండి సారూ. మూగ భాగం దొరికితే పత్రం రాయాలి కదా. రాయండి."

రాయక తప్పదు. వాళ్ల పత్రంలో మూడు గళ్లున్నాయి: తయారుచేసినవారు, లోహం, లోపం. పిన్ను దించి, పరీక్ష మిషనులో పెట్టి నొక్కి, లోపమేంటో రాస్తేనే జప్తు చెయ్యాలని వాళ్ల రూలు. కామేశం నా పిన్నుని వెంట తెచ్చిన మిషనులో పెట్టించాడు. కంపెనీ పిన్ను తట్టుకోవాల్సిన బరువుకి నొక్కారు. ఏమీ కాలేదు. రెట్టింపుకి నొక్కారు. ఏమీ కాలేదు. మూడింతలకి మిషనే మూలిగింది. కోసి చూశారు. లోపలంతా గట్టి ఉక్కు.

"లోపం గడిలో ఏం రాయను సార్?" అని గుమాస్తా అడిగాడు.

కామేశం టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఏముంటే అది రాయవయ్యా."

"లోపం లేదు" అని రాశాడు గుమాస్తా. ఆ గళ్లు నింపడానికి వాళ్లకి రెండు రోజులు పడుతుందట. కట్ట కింది ఊళ్లవాళ్లు అన్నం, మజ్జిగ తెచ్చారు. గుమాస్తాలకీ పెట్టాం. వాళ్ల తప్పేముంది?

ఎంట్రీ 2333. జూన్ 22
చేసిన పని: ఒక కాగితం చింపడం.

బోర్డు వాళ్లు మమ్మల్ని ఆఫీసుకి పిలిచారు. చల్లటి గది, చక్కెర ఎక్కువైన టీ. కామేశం పక్కన పైఅధికారి ఒకాయన ఉన్నాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడంటే నాకు ఒళ్లు మండింది. చిన్న సవరణ చేసుకుందామన్నాడు. 'తయారుచేసినవారు' గడిలో పేరు కొట్టేసి 'తెలియదు' అని రాస్తారట. లోహం గడిలో 'కంపెనీ పిన్ను, నోరు ఊడినది' అని రాస్తారట. మేం సంతకం పెడితే ఎవరి మీదా కేసు లేదు, షెడ్లు తెరుచుకోవచ్చు, రేపే బళ్లు వదిలేస్తారు.

"మరి ఝాన్సీ?" అన్నాను.

"అది కోర్టు పరిధిలోని విషయమమ్మా."

సంతకాల కాగితాలు షెడ్డుకొకటి చొప్పున బల్ల చుట్టూ పంచారు. ఐదు షెడ్లవాళ్లు పెట్టేశారు. వాళ్లని తిట్టను. ఒకతనికి మొన్ననే గుండె ఆపరేషనయింది, ఇంకొకతనికి ఇంటినిండా చిన్నపిల్లలు. ఏసుపాదం అన్న కలం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆయన షెడ్డు వాళ్ల తాత కట్టింది.

"అన్నా," అన్నాను, "నీ పిన్నుని పట్టుకుని అది వాళ్లదే అంటున్నారు. ఊరుకుంటావా?"

"ఊరుకోను గానీ చెల్లెమ్మా, భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది. పెట్టాలనుకుంటే పెట్టు, ఏమీ అనుకోను."

ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా షెడ్డు కాగితం నా ముందుంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చింపాను. "నా పేరు నూర్‌బాషా కాశింబీ. మీ రోడ్డు నన్ను మూడేళ్లు కంపెనీ పేరుతో పిలిచింది, నేనూ పలికాను. ఇక పలకను. కేసు రాసుకోండి" అన్నాను. పైఅధికారి టీ చల్లారిపోయింది.

బయటికొచ్చాక తెలిసింది, పద్దెనిమిది షెడ్లు నిలబడ్డాయి. పేర్లతో ఉన్న పత్రాలు మూడు వందల నలభై ఏడు.

ఎంట్రీ 2335. జూన్ 24
వచ్చిన బళ్లు: లేవు. షెడ్డు: సీలు వేశారు.

విశాల కోర్టులో పెద్దగా మాట్లాడలేదు. బోర్డు వాళ్ల ముద్రలున్న మూడు వందల నలభై ఏడు పత్రాలు జడ్జిగారి ముందు పెట్టింది. ప్రతిదాంట్లో తయారుచేసినవారి పేరుంది. ప్రతిదాంట్లో 'లోపం లేదు' అని ఉంది. తర్వాత నా ఊరగాయ జాడీ పెట్టింది. "ఈ నోళ్లన్నీ పగిలిన కంపెనీ పిన్నులవండీ. నంబర్లు సరిచూసుకోండి. నిన్నమొన్నటిదాకా ఇవన్నీ బతికి తిరుగుతున్నాయని బోర్డు చెప్పింది" అంది.

జడ్జిగారు నన్ను బోనులోకి పిలిచారు. "మీరు చట్టం తప్పారని తెలుసా?" అని అడిగారు.

"తెలుసండీ. శిక్ష వెయ్యండి. కానీ ఆ పిల్లకి నా శిక్ష వెయ్యకండి."

కట్ట మీద ఇంకా నిజమైన కంపెనీ పిన్నులతో తిరుగుతున్న బళ్లను ఆపి, పది పిన్నులు కోసి చూడమన్నారు. మధ్యాహ్నానికి ఏడు పిన్నుల్లో నెర్రెలు తేలాయి. సాయంత్రం నాలుగింటికి ఝాన్సీని వదిలేశారు. మా పద్దెనిమిది షెడ్లకీ రెండేళ్లు సీలు. మూగ భాగాల చట్టం ఎక్కడున్నది అక్కడే ఉంది. జడ్జిగారు దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకునేదాకా మేం రోడ్డెక్కుతూనే ఉంటామని బయట ఏసుపాదం అన్న అరిచాడు. మెల్లగా మాట్లాడే మనిషి.

ఝాన్సీ మెట్లు దిగి నా దగ్గరికొచ్చింది. కౌగిలించుకుంటుందనుకున్నాను. ఎదురుగా నిలబడింది.

"ఏప్రిల్లో నేనడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదత్తా?"

కట్టుబాటని చెప్పొచ్చు, చట్టమని చెప్పొచ్చు, కంపెనీ అని చెప్పొచ్చు. ఈ నెలంతా వాళ్లనే తిట్టాను, తిట్టాల్సిందే. కానీ ఆ రోజు షెడ్డులో ఉన్నది నేనూ ఈ పిల్లా.

"భయపడ్డానే" అన్నాను. "నోరు జారితే షెడ్డు పోతుందని భయపడ్డాను."

"చెప్పుంటే టీచరు బతికేది."

"బతికేది."

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది. "టీచరు వాళ్లమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ ఇప్పటికీ నేనే చంపాననుకుంటోంది. నువ్వూ రా. ఈ మాట నువ్వే చెప్పు" అంది.

కోర్టులో అంతమంది ముందు చెప్పడం కంటే ఇది కష్టమనిపించింది. అయినా బయల్దేరాను. బళ్లు లేవు కాబట్టి కట్ట మీద నడిచాం. ఆరు కిలోమీటర్లు.  ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నా పేరు చెప్పుకుని, జరిగింది జరిగినట్టు, ఏప్రిల్లో నేనన్న మాటతో సహా అంతా చెప్పాను.

ఆవిడ నన్నేమందో మాత్రం ఇక్కడ రాయను. అది బోర్డు వారికి అనవసరం.